కమానీ బజారులో అమ్మ చోటు

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం మా అమ్మ దుర్గ్ నుంచి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే, అన్నం తింటున్న నాన్న కంచం పక్కన ఒక ఇనుప ముక్క పెట్టింది. కోటు గుండీ కన్నా కాస్త పెద్దది. ఒకవైపు నున్నగా, గుండ్రంగా ఉంది. రెండోవైపు విరిగిపోయి తుప్పు కనిపిస్తోంది. నాన్న ముద్ద కలపడం ఆపి దాన్ని ఎడంచేత్తో తీసుకున్నాడు.

అది రివెట్టు తలకాయ, ఇనుప దూలాల్ని కలిపి పట్టే మేకుది అన్నాడు. బజారు పైకప్పు నుంచి రాలి టమాటాల గంపలో పడిందని అమ్మ చెప్పింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. చారు చల్లారిపోయింది.

మా నాన్న పేరు శంకరరావు. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. క్రేన్లు నడిచే దూలాలెక్కి, వాటి రివెట్లను ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి, ఏది గట్టిగా ఉందో ఏది వదులైందో చెప్పడం ఆయన పని. ఆ చప్పుళ్ళలోనే చెవులు పోగొట్టుకున్నాడు. రిటైరయ్యేనాటికి పక్కన టపాసు పేలినా తల తిప్పేవాడు కాదు. నేను కొనిచ్చిన చెవి మిషను సొరుగులో హాయిగా ఉంది. అమ్మ పెదవులు మాత్రం చదవగలడు. నావి చదవలేడు. నేను తెలుగు మాట్లాడినా నోరు హిందీలా కదులుతుందని ఆయన ఫిర్యాదు. అందుకని నా మాటలన్నీ నోటుబుక్కులో రాసి చూపిస్తాను.

అమ్మ పేరు నూకమ్మ. భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ పాత ఊరి నడిబొడ్డున ఉన్న కమానీ బజారులో ఇరవై తొమ్మిదేళ్ళుగా గోనెపట్టా పరుచుకుని కూర్చుంటోంది. అది ప్లాంటు పుట్టకముందు నుంచీ ఉన్న బజారు. నాలుగు వైపులా రాతి కమాన్ల గుమ్మాలు, పైన ఇనుప దూలాలు, వాటి మీద రేకులు. ఉత్తరపు గుమ్మం పక్క మూల అమ్మది. అనకాపల్లి బెల్లం, కొత్త చింతపండు, మామిడి తాండ్ర, ఎండు మెత్తళ్ళు విశాఖ బండిలో తెప్పిస్తుంది. ఆదివారం వస్తే ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2 నుంచీ సెక్టర్ 7 నుంచీ మన తెలుగువాళ్ళు స్కూటర్ల మీద బయల్దేరి పద్నాలుగు కిలోమీటర్లు ఆమె కోసమే వస్తారు. పర్మనెంటు ఉద్యోగి భార్య నేలమీద కూర్చుని అమ్మడమేమిటని మొదట్లో నాన్న రెండు రోజులు అన్నం మానేశాడట. అమ్మ మూడో రోజు కూడా బజారుకే వెళ్ళింది. ఆయన ఆమెను ఆపలేకపోయాడు గానీ, ఆ బజారులో మాత్రం అడుగు పెట్టలేదు. ఎవరైనా మీ ఆవిడేదని అడిగితే ‘దుర్గ్ వెళ్ళింది’ అనేవాడు. స్కూల్లో నేనూ ఏం తక్కువ తినలేదు. మా అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పేదాన్ని.

రివెట్టు పడిన మూడో రోజుకి మున్సిపల్ ఆఫీసువాళ్ళు బజారు గుమ్మాలకు నోటీసు అంటించారు. కప్పు ప్రమాదకరంగా ఉంది కనుక వానలు పడకముందే బజారు మూసేస్తారట. అందరూ ఊరి బయట బైపాసు దగ్గర కట్టిన కొత్త షెడ్లలోకి వెళ్ళాలట. ఒకసారి వెళ్ళినవాళ్ళకు పాత చోటు మీద హక్కుండదని కింద చిన్న అక్షరాల్లో రాశారు. అమ్మ హిందీ చదవలేదు. నేనే నోటీసు ఫోటో చూసి చదివి వినిపించాను.

“బైపాసు కాడికి ఎవులొస్తారే?” అంది అమ్మ. “సెక్టర్ల నుండి అక్కడికి బస్సు కూడా లేదు. నా బేరం అయిపోయినట్టే.”

మర్నాడు పొద్దున్న అమ్మ గంప సర్దుకుంటుంటే నాన్న లోపలి గదిలోంచి వచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు, జేబులో ఎర్ర సుద్ద ముక్క, చేతిలో చిన్న సుత్తి. అమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసి, నా వైపు తిరిగి, ఇంకో గంప మోయడానికి మనిషి దొరికాడంది. నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులు. నేనూ వెంట వెళ్ళాను.

బజారు గుమ్మంలోకి రాగానే నాన్న ఆగిపోయి పైకి చూశాడు. ఆయన కప్పు చూస్తున్నాడు, బజారంతా ఆయన్ని చూస్తోంది. నూకమ్మ దీదీ వాళ్ళాయనట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆకుకూరలమ్మే సుఖియారిన్ బాయి మంచినీళ్ళు తెచ్చింది. ఉల్లిపాయలాయన తన స్టూలు తుడిచి వేశాడు. నాలుగు కొట్ల తాళంచెవులు అమ్మ బెల్లం డబ్బాలోనే ఉంటాయని, చోటు కోసం ఎవరు తగవు పడినా తీర్పు ఆమెదేనని నేను రాసి చూపిస్తుంటే నాన్నకి అరగంటలో తెలిసిపోయింది. మా సెక్టర్లో అమ్మ శంకరరావు గారి భార్య. ఇక్కడ నాన్న నూకమ్మ దీదీ మొగుడు. ఆ గౌరవాన్ని ఎలా పుచ్చుకోవాలో తెలియక ఆయన స్టూలు మీద చాలాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. నాకు భలే సరదా వేసింది.

పది గంటలకి ఆఫీసు ఇంజనీరు వచ్చాడు. పేరు సుభాష్, ముప్పై ఏళ్ళు ఉండవు. నాన్న ఆయన దగ్గరకెళ్ళి, బజారంతా వినిపించే గొంతుతో, ఒక్క రివెట్టు రాలితే కప్పంతా పాడైనట్టు కాదని హిందీలో చెప్పాడు. ప్రతి రివెట్టూ తట్టి చూస్తే గాని తెలియదనీ, ఆ పని తను చేస్తాననీ అన్నాడు. సుభాష్ మర్యాదస్తుడే. నాతో మెల్లగా, సుత్తి దెబ్బ మోతను బట్టి కదా రివెట్టు సంగతి తెలిసేది, అంకుల్‌కి వినపడదు కదా అన్నాడు. అది ఎలా రాయాలో తెలియక నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. నాన్నకి రాయక్కర్లేకపోయింది. అలాంటి మొహాలు ఆయన చాలా చూశాడు.

గుమ్మం పక్కనే చేతికందే ఎత్తులో ఒక ఇనుప బ్రాకెట్టు ఉంది. నాన్న సుభాష్ చెయ్యి పట్టుకుని, రివెట్టుకి ఒకవైపు అతని బొటనవేలు ఆనించి, రెండోవైపు సుత్తితో తట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో రివెట్టు దగ్గర సుభాష్ వేలు వెనక్కి లాక్కున్నాడు. రివెట్టు గట్టిదైతే వేలికి ఏమీ తెలియదు. వదులుదైతే వేలికింద చిన్నగా అదురుతుంది. చెవులు పోయాక పన్నెండేళ్ళు నాన్న ఈ బొటనవేలితోనే ఉద్యోగం చేశాడు. ఆ పన్నెండేళ్ళలో ఆయన బాగుందన్న దూలం ఏదీ పాడవలేదు.

సుభాష్ వేలు రుద్దుకుంటూ ఆలోచించాడు. అంకుల్ వదులైన వాటికి గుర్తులు పెడితే, తను రివెట్లు పరీక్షించే మిషను తెప్పించి గుర్తున్నవీ లేనివీ కూడా సరిచూస్తానన్నాడు. రెండూ ఒకటే చెబితే బజారు మూయక్కర్లేదని పైకి రాస్తానన్నాడు. బాగోలేని దూలం కింద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వనని, వాళ్ళు బైపాసుకి వెళ్ళాల్సిందేనని కూడా అప్పుడే చెప్పాడు. అందరూ సరేనన్నారు. అమ్మ అందరికన్నా ముందు సరేనంది.

బజారుకి మంగళవారం సెలవు. మే నెలలో మూడు మంగళవారాలు పట్టింది. మొత్తం పద్నాలుగు దూలాలు. చక్రాలున్న పైపుల మంచె ఒకటి అద్దెకు తెచ్చారు. నాన్నతో పనిచేసి రిటైరైన పరబ్రహ్మం గారు కింద నిలబడి దాన్ని తోసేవారు. నాన్న పైన, పక్కన నోటుబుక్కుతో నేను. ఆ ఎండల్లో రేకుల కింద మధ్యాహ్నానికి ఊపిరాడేది కాదు. అరవై ఆరేళ్ళ మనిషి, వద్దంటే వినడు. ఎడమచేతి బొటనవేలు ఆనించి, కుడిచేత్తో తట్టి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, తర్వాతదానికి జరిగేవాడు. వదులైనది దొరికితే ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి, దాని కింద ప్లాంటులో తనకిచ్చిన టోకెన్ నంబరు వేసేవాడు. ప్లాంటులో అది రివాజట. గుర్తు పెట్టినవాడు నంబరు వెయ్యాలి. పొరపాటు జరిగితే ఎవరిదో అందరికీ తెలియాలి. రిటైరైన మనిషికి నంబరేమిటని నేను రాసి చూపించాను. మనిషి రిటైరయ్యాడు గానీ పొరపాటు రిటైరవదు కదా అన్నాడు.

అమ్మ సెలవు రోజున కూడా చోడి అంబలి క్యాను పట్టుకుని వచ్చేది. తన మూలలో కూర్చుని పైకి చూస్తూ ఉండేది. నాన్న మంచె మీద ఉంటే ఆమె ముఖంలో ఉండే వెలుగు నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. మొగుడు పనిచేస్తుండగా చూడటం ఆమెకి అదే మొదటిసారి. ప్లాంటు గేటు దాటి ఆమె ఏనాడూ లోపలికి వెళ్ళలేదు. సుఖియారిన్ బాయి ఏదో అడిగితే అమ్మ చేతులు తిప్పుతూ, దేశంలో ఉన్న రైలు పట్టాలన్నీ మా ఆయన తట్టి చూసినవే అన్నంత ధీమాగా చెబుతోంది. నేను సరిచెయ్యలేదు.

పదమూడు దూలాలు అయ్యేసరికి మూడో మంగళవారం మూడు గంటలైంది. ఒకచోట రెండు, ఒకచోట మూడు అన్నట్టు అక్కడక్కడా గుర్తులు పడ్డాయి. రివెట్టు రాలిన టమాటాల మీది దూలంలో కూడా అదొక్కటే పోయింది. భయపడాల్సింది ఏదీ లేదని నాన్న చేత్తో సైగ చేసి చెప్పగానే కింద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయనకి వినపడదు గనుక సుఖియారిన్ బాయి చేతులు పైకెత్తి మరీ కొట్టింది.

పద్నాలుగోది ఉత్తరపు గుమ్మం పక్కది. అమ్మ మూల మీదుగా పోయి రాతిగోడలో దిగుతుంది. ఆ మూల వానాకాలంలో కారుతుందని మా అందరికీ తెలుసు. అమ్మ ఏటా అక్కడ బకెట్టు పెట్టుకుంటుంది. నాన్న గోడ దగ్గర మొదటి రివెట్టు మీద వేలు పెట్టి తట్టాడు. ఆగి, మళ్ళీ తట్టాడు. రెండోది, మూడోది. గోడలో దిగే చోట ఎనిమిది రివెట్లున్నాయి. ఎనిమిదీ అయ్యాక ఆయన సుత్తి మంచె మీద పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు. అంతకుముందు ఏ దూలం దగ్గరా అలా కూర్చోలేదు.

ఎన్ని అని రాసి చూపించాను. ఆరు వేళ్ళు చూపించాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. దాచి లాభం లేదు. నేను నోటుబుక్కులో ఇలా రాశాను: ‘ఈ ఒక్కటీ ఇప్పుడు వద్దు నాన్నా. ముందు బజారు తెరవనీ. వానలయ్యాక చెబుదాం.’ పిల్లలకి నీతి పాఠాలు చెప్పే టీచర్ని, వానాకాలమంతా ఆ దూలం కింద కూర్చునేది మా అమ్మే అని కూడా ఆలోచించకుండా రాశాను. నాన్న చదివాడు. నా మీద కోప్పడలేదు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా చింపి, మడిచి, నా చేతిలోనే పెట్టి, సుద్ద ముక్క తీశాడు. ఆరు గుర్తులు పెట్టి, ఆరింటి కిందా నంబరు వేశాడు. సిగ్గుతో నాకు అక్కడి నుంచి దూకెయ్యాలనిపించింది.

కింద అమ్మ లేచి నిలబడింది. ఎర్ర గుర్తులు ఆమెకి బాగానే కనిపిస్తున్నాయి. ఆయన నిచ్చెన సగం దిగి ఆమె ముఖానికి ఎదురుగా వచ్చేదాకా ఆగింది. తర్వాత ఒక్కో మాటా ఆయన చదువుకునేలా నెమ్మదిగా అంది.

“నాను ఇక్కడ కూకోడం మీకెప్పుడూ ఇష్టం లేదు. పద్నాలుగు దూలాల్లో నా నెత్తి మీదదే దొరికిందేటి?”

చప్పట్లు కొట్టినవాళ్ళకి ఆ తెలుగు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. పరబ్రహ్మం గారు మంచె పైపుల బిగింపు చూస్తున్నట్టు వంగున్నారు. నాన్న నిచ్చెన మీద ఒక మెట్టు పైకెక్కి చెయ్యి చాపాడు.

“పైకి రా,” అన్నాడు.

అమ్మకి యాభై తొమ్మిదేళ్ళు. జన్మలో నిచ్చెన ఎక్కిన మనిషి కాదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కడం మొదలెట్టింది. నేను మంచె రెండోవైపు నుంచి గబగబా దిగి కింద నిచ్చెన పట్టుకున్నాను. పైకి చేరాక ఆయన ఆమెను ముందు పక్క దూలం వైపు తిప్పి, ఆమె బొటనవేలు అక్కడి రివెట్టు మీద ఆనించి తట్టాడు. తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్ళి మొదటి ఎర్ర గుర్తు మీద పెట్టి తట్టాడు. రెండో గుర్తు మీద, మూడో గుర్తు మీద. నాలుగోదానికి ఆయన పెట్టించక్కర్లేకపోయింది, ఆమే వేలు పెట్టుకుంది. కింద నుంచి నాకు వాళ్ళ చేతులు తప్ప ముఖాలు కనపడలేదు. ఆరూ అయ్యాక కూడా ఆమె కాసేపు ఆఖరిదాని మీంచి చెయ్యి తియ్యలేదు.

దిగాక నన్ను చూసి, “కదుల్తంది,” అంది.

అంతే. గోనెపట్టా దులిపి నాలుగు మడతలు పెట్టింది. డబ్బాలు గంపలో సర్దింది. బెల్లం డబ్బాలోంచి నాలుగు తాళంచెవులు తీసి సుఖియారిన్ బాయికి అప్పగించింది. ఆఫీసు మిషను ఇంకా రానేలేదు, ఖాళీ చెయ్యమని ఎవరూ అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ చోటుని ఆమె పది నిమిషాల్లో వదిలేసింది. ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ గర్వపడాలో నాకు తేలలేదు.

ఇంటికొస్తూ ఆటోలో నాన్న తనంతట తనే మాట్లాడాడు. ప్లాంటువాళ్ళు ఎవరైనా చూస్తారనే ఇన్నేళ్ళూ రాలేదని అమ్మతో చెప్పాడు. ఆయన గొంతు పెద్దది గనుక ఆటో డ్రైవరు కూడా విన్నాడు. తెలుసులెండి అని అమ్మ పెదవులు కదిపి, గంప పడిపోకుండా పట్టుకోమంది.

సుభాష్ మాట నిలబెట్టుకున్నాడు. జూన్ మొదటి వారంలో మిషనుతో నాలుగు రోజులు చూశాడు. గుర్తున్నవన్నీ వదులు, లేనివన్నీ గట్టి. పదమూడు దూలాల కింద బజారు నడవచ్చని, చిన్న రిపేర్లు సెలవు రోజుల్లో చేసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఉత్తరపు మూలకి ఇనుప స్తంభాలు ఆనించి, చుట్టూ రేకులు కట్టేశారు. అది ఎప్పటికి బాగవుతుందో ఎవరికీ తెలియదు. అమ్మ పేరు మీద బైపాసు షెడ్డు చీటీ వచ్చింది. ఆమె దాన్ని దేవుడి పటం వెనక పెట్టి, చింతపండు పంపే వాళ్ళకి ఈసారి సగమే చాలని ఫోను చేసింది.

జూన్ పదిహేడున తొలి వాన పడింది. ఆ పొద్దున్నే బజారు దూలాల పూజ ఉంది రమ్మని సుఖియారిన్ బాయి కబురు పెట్టింది. వెళ్ళకపోతే బాగోదని అమ్మ చేతిసంచీ ఒకటే తీసుకుని బయల్దేరింది. నాన్నా నేనూ వెనకాల వెళ్ళాం. కొబ్బరికాయ కొట్టడం అప్పటికే అయిపోయింది. అమ్మ తన మూలకి కట్టిన రేకుల వైపు చూడకుండా నడుస్తోంది.

బజారు మధ్య వరుసలో ఇరవై ఆరుమంది కూర్చుంటారు. ఒకరి గోనెపట్టా అంచు ఇంకొకరి అంచుకి తగులుతూ ఉంటుంది, మధ్యలో వేలు పెట్టే సందు ఉండదు. జానెడు చోటు కోసం అక్కడ జరిగిన తగవులన్నీ అమ్మ తీర్చినవే. ఆ రోజు ఆ వరుసలో ఆకుకూరలకీ ఉల్లిపాయలకీ మధ్య ఖాళీ కనిపించింది. ఇరవై ఆరుమందీ తలా కాస్త అటూ ఇటూ జరిగారు. చివరనున్న మిరపకాయలాయన తక్కెడ స్తంభం అవతలికి వెళ్ళిపోయింది. ఆఫీసుతో ముందే మాట్లాడుకున్నారట. ఆ వరుస వాళ్ళకి అభ్యంతరం లేకపోతే మాకూ లేదని సుభాష్ సంతకం పెట్టిచ్చాడట.

“ఏతీ బైఠ్ దీదీ,” అంది సుఖియారిన్ బాయి, ఇటు కూర్చోమని ఆ ఖాళీని అరచేత్తో తుడుస్తూ.

అమ్మ నిలబడిపోయింది. నాన్నే కదిలాడు. మాకు ఒక్క ముక్క చెప్పకుండా బయటికెళ్ళి ఆటో ఎక్కి, రుఆబాంధాలో మా ఇంటి దాకా పోయి, గంటన్నరకి తిరిగొచ్చాడు. వానకి తడిసి ముద్దయి ఉన్నాడు. నెత్తిన బెల్లం గంప, చంకలో గోనెపట్టా. బజారు నిండా జనం, అందులో సెక్టర్ల వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరి మధ్య నుంచీ ఆయన గంప దింపకుండా నడిచొచ్చి, గోనెపట్టాని ఉన్న చోటికి సరిపడా మడిచి పరిచాడు. అమ్మ కూర్చుంది.

మధ్యాహ్నం సెక్టర్ 7 నుంచి ఇందుమతి గారొచ్చారు. ప్లాంటు ఆఫీసరు భార్య, అమ్మకి పాత ఖాతాదారు. రేకుల మీద వాన హోరుగా పడుతోంది. ఆవిడ గుమ్మంలోనే ఆగి, పైకి చూసి, లోపలికి రావడానికి జంకుతూ అక్కణ్ణుంచే గట్టిగా అడిగారు. ఈ కప్పు ఆగుతుందా నూకమ్మా, ఎవరు చూసి చెప్పారు అని.

అమ్మ తడి చొక్కాతో పక్కన నిలబడ్డ నాన్నని చూపించింది.

“మా ఆయనే సూసినారమ్మా,” అంది. “ఇంత బజారులోనూ నా చోటొక్కటే బాగోలేదని చెప్పినారు. అందుకే మిగతాదంతా నమ్మొచ్చు, రండి.”

ఇందుమతి గారు ఒకసారి ఆయన్ని చూసి, లోపలికొచ్చి, గొడుగు ముడిచి పక్కన పెట్టి, కొత్త చింతపండు వచ్చిందా అని అడిగారు.